ముందురోజే రాసేసిన మీటింగు

చోడవరంలో ఒక ప్రైవేటు కాలేజీలో నేను లేడీస్ రూము ఆయాగా పనిచేశాను. మా ఆయన చనిపోయిన ఏడాది నాకు ఆ పని ఇచ్చారు. జాలిపడి ఇచ్చారని ఊరంతా అనుకుంది. జాలీ లేదు, గీలీ లేదు. ఆ జీతానికి ఇంకెవరూ రాలేదు, నేను వచ్చాను. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను కాబట్టి, కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలకి ఒక ముచ్చట చెబుతాను. నేను చెబుతుంటే రాసేవాళ్ళు రాస్తున్నారు. పనికొస్తే ఉంచుకోండి, లేకపోతే నవ్వుకుని వదిలేయండి.

నా గది చిన్నది. ఒక బల్ల, నీళ్ళ కుండ, మూల విరిగిన అద్దం, వెనకాల ఒక మరుగుదొడ్డి. మొత్తం కాలేజీలో ఆడపిల్లలకి లోపల గొళ్ళెం పడే దొడ్డి అదొక్కటే. చీడికాడ వైపు నుంచీ, బుచ్చయ్యపేట వైపు నుంచీ మొదటి బస్సుకి బయల్దేరిన పిల్లలు అక్కడే జడలు సరిచేసుకునేవారు, మధ్యాహ్నం అక్కడే కేరేజీలు విప్పుకునేవారు, సాయంత్రం బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చునేవారు. తరగతిలో ఉండగా నెలసరి వచ్చిన పిల్ల పుస్తకం వెనక్కి అడ్డం పెట్టుకుని నా దగ్గరికే పరుగెత్తేది. నా దగ్గర ఉతికిన పాతగుడ్డలు, పిన్నీసులు, ఎవరికైనా సరిపోయే లంగా ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. ప్రిన్సిపాలుగారి దాకా వెళ్ళని సంగతులన్నీ నా దాకా వచ్చేవి.

గది గుమ్మంలో నా స్టూలు. పక్కనే కొత్త కోర్సు తరగతి. తొంభైల్లో కంపెనీలు, షేర్లు అని అందరూ మాట్లాడటం మొదలెట్టాక కాలేజీ నడిపే మా కరస్పాండెంటుగారు ఆ కోర్సు తెచ్చారు. వ్యాపార చట్టాలు, కంపెనీల పరిపాలన, అదీ డిగ్రీ. చదివితే లాయర్లవుతారా అని అడిగితే కాదనేవారు. గుమాస్తాలవుతారా అంటే ఆయనకి కోపం వచ్చేది. ఆఖరు ఏడాదిలో దానికి తోడు లీడర్‌షిప్ సర్టిఫికెట్ అని ఇంకో కాగితం. డిగ్రీ అందరికీ వస్తుంది, ఈ కాగితం ఉన్నవాళ్ళకే విశాఖపట్నం కంపెనీల్లో పిలుపు వస్తుంది అని ఆ తరగతి మేష్టారు చెప్పేవారు.

ఆ మేష్టారిది గోడలు దాటే గొంతు. రెండేళ్ళు ఆ గొంతు పక్కనే కూర్చున్నాను. నోటీసు, అజెండా, కోరం అన్నీ చెవిలో పడ్డాయి. కోరం అంటే మీటింగు చెల్లాలంటే కూర్చుని ఉండవలసిన తలల లెక్క. ఒక్క తల తగ్గినా మీటింగు ఆగిపోవాలి. అరగంట చూడాలి, అప్పటికీ తల రాకపోతే వారం రోజులకి వాయిదా వెయ్యాలి. ఈ పాఠం పిల్లలకి ఎక్కిందో లేదో తెలీదుగానీ నాకు బాగా ఎక్కింది. ఇంటికెళ్ళి మా గేదెకి కూడా చెప్పేదాన్ని.

ఆ సర్టిఫికెట్‌కి రాత పరీక్ష లేదు. పిల్లలు ఒక సంఘంగా ఏర్పడి, విశాఖపట్నం నుంచి వచ్చిన పరీక్షాధికారి ముందు ఒక మీటింగు నడిపి చూపించాలి. ఉత్తుత్తి విషయం కాదు, కాలేజీలో నిజంగా తేలవలసిన విషయం ఏదో ఒకటి తేల్చాలి. అధ్యక్షత వహించినవాళ్ళకి మార్కులు ఎక్కువ. ఆ కుర్చీ తరగతిలో ఫస్టు వచ్చే ఒక ఆడపిల్లకి దక్కింది. చీడికాడ దగ్గరి పల్లె. సన్నగా, మాట గట్టిగా వినపడకుండా ఉండేది. రోజూ నా బల్ల చివర కూర్చుని అన్నం తినేది, తన ఊరగాయ నాకూ కొంచెం పెట్టేది.

తేలవలసిన విషయం ఏదని మేష్టారు అడిగితే, కరస్పాండెంటుగారు అప్పటికే ఆలోచించి పెట్టుకున్నారు. మూడు కంప్యూటర్లు కొన్నారు, అవి అట్టపెట్టెల్లో ఆయన గదిలోనే ఉన్నాయి. వాటికి గది కావాలి. గది ఎక్కడుంది? లేడీస్ రూము ఉంది. ఆయన తీసేసుకుంటే ఆడపిల్లల తండ్రులు వచ్చి అడుగుతారు. పిల్లలే మీటింగు పెట్టుకుని మాకు గది వద్దు, కంప్యూటర్లే కావాలి అని తీర్మానించుకుంటే ఎవరు ఎవరిని అడుగుతారు? పెద్ద బుర్ర ఆయనది. ఎంత తిట్టుకున్నా ఆ మాట ఒప్పుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. మీటింగుకి కోరం పదిహేను అని పిల్లలు తమ నియమాల్లో రాసుకున్నారు. అది చెరుకు క్రషింగ్ రోజులు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ రోడ్డంతా బళ్ళూ ట్రాక్టర్లూ. చెరుకు నరకమని ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరు వచ్చిన ఇళ్ళ మగపిల్లలు పరీక్ష ఉన్నా లేకపోయినా పొలంలోనే ఉంటారు. లెక్కపెడితే పదమూడు మందే తేలారు. మేష్టారు తల గోక్కుని, ఇద్దరు సిబ్బందిని గౌరవ సభ్యులుగా చేర్చేశారు. ఒకరు మా వాచ్‌మేను, ఇంకొకరు నేను.

మేష్టారు పుస్తకం పట్టుకుని వచ్చి ఖాళీ పేజీ కింద చోటు చూపిస్తే నేను వేలిముద్ర వేసేశాను. ఏమిటని అడగలేదు. మా ఊరి పాలకేంద్రంలో ఎప్పుడూ అంతే. మీటింగంటే ముందు వేలిముద్ర, తర్వాత టీ, ఆ తర్వాత ఓపికున్నవాళ్ళకి మాటలు. వేలిముద్ర వేసినవాళ్ళకే టీ. అందుకని పుస్తకం కనిపిస్తే నా బొటనవేలు దానంతటదే ముందుకి వెళ్ళిపోతుంది. వాచ్‌మేను సంతకం పెట్టి, మిక్చర్ పొట్లం ఎప్పుడిస్తారని అడిగాడు.

మీటింగుకి ముందురోజు మధ్యాహ్నం ఆ పిల్ల నా గదికి వచ్చి కేరేజీ విప్పకుండా కూర్చుంది. అన్నం తినవేమే అంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సంగతి అప్పుడు తెలిసింది. రేపటి మీటింగు మినిట్స్, అంటే మీటింగులో ఏం జరిగిందో రాసే రాత, ఈ రోజే రాసేశారట. పరీక్షాధికారి ముందు తప్పులూ కొట్టివేతలూ ఉండకూడదని మేష్టారు దగ్గరుండి రాయించారట. లేడీస్ రూమును కంప్యూటర్లకి ఇచ్చేయడానికి సభ్యులందరూ చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించారట.

"అందరూ అంటే ఎవులే?" అన్నాను.

"నువ్వు కూడానమ్మా. కిందన నీ ఏలిముద్ర ఉంది," అంది.

నా గదిని నా వేలితో నేనే ఇచ్చేశాను. గది పోతే గదికి ఆయా ఎందుకు? నా ఉద్యోగం కూడా ఆ వేలితోనే పోయింది. నాకు ముందు కోపం రాలేదు, నవ్వొచ్చింది. తర్వాత కోపం వచ్చింది. రేపు మీటింగులో లేచి నలుగురి ముందూ కడిగేస్తానని లేచాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"ఆయమ్మా, రేపొక్కపూట నోరెత్తకు. నువ్వు గొడవ సేస్తే నాకా కాగితం రాదు. అది రాపోతే మా నాన్న ఇంక పట్నం పంపడు. సదివింది సాలు, ఇంటికొచ్చీమంటాడు. నాకింకో దారి నేదు."

తనకీ ఆ గది కావాలి. తన చెల్లెలు మరుసటి ఏడు చేరబోతోంది. అయినా ఆ కాగితం లేకపోతే తన బతుకు పల్లెలో ఆగిపోతుంది. ఆ మొహం చూసి మెత్తబడ్డాను.

"సరేనే గుంటా, నీ మీదొట్టు. నోరెత్తను," అన్నాను.

సాయంత్రం బస్సులో వెళ్తూ వెళ్తూ ఒక ఆలోచన వచ్చింది. ఒట్టు నోటికి వేశాను, కాళ్ళకి వెయ్యలేదు కదా? నేను లేచి బయటికి వచ్చేస్తే పద్నాలుగు తలలే మిగులుతాయి. మీటింగు వారం వాయిదా పడుతుంది. వారం దొరికితే చాలు, మగపిల్లల్ని ఒక్కొక్కణ్ణీ పట్టుకుని బుద్ధి చెప్పుకోవచ్చు. అరుపు లేదు, గొడవ లేదు, పిల్లకి మాట రాదు. నా తెలివికి నేనే మురిసిపోయి, దిగవలసిన చోట దిగడం మర్చిపోయి అరమైలు వెనక్కి నడిచాను.

మర్నాడు తరగతిలో బల్లలు చుట్టూ వేశారు. పరీక్షాధికారి మెడకి మఫ్లరు చుట్టుకున్న బక్కమనిషి. కొబ్బరిబోండం ఇస్తే సగం తాగి పక్కన పెట్టాడు. వెనక వరసలో కరస్పాండెంటుగారు, గోడవారన మేష్టారు. నేనూ వాచ్‌మేనూ చివరి బల్ల మీద. ఆ పిల్ల ఉతికి ఇస్త్రీ చేసిన ఓణీ వేసుకుని అధ్యక్ష కుర్చీలో కూర్చుంది. మాట తడబడకుండా తలలు లెక్కపెట్టి, కోరం ఉంది అని చెప్పి మొదలెట్టింది. ఒకబ్బాయి కాగితం చూసి తీర్మానం చదివాడు. ఇంకొకడు బలపరిచాడు. చర్చ ఏమైనా ఉందా అని ఆ పిల్ల అడిగింది. చర్చ అయిపోయిందని ముందురోజే రాసేశారు కాబట్టి ఎవరూ మాట్లాడలేదు.

నేను లేచాను. వాచ్‌మేను నా కొంగు పట్టుకుని లాగాడు.

"అప్పా, కూకో. పొట్లాలింకా రానేదు," అన్నాడు.

కొంగు విడిపించుకుని, గడప దాటి, పక్క గుమ్మంలో నా స్టూలు మీద కూర్చున్నాను. అక్కడినుంచి వంగి చూస్తే తరగతిలో సగం కనిపిస్తుంది.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ఆ పిల్లకి ముందు అర్థమైంది. మళ్ళీ తలలు లెక్కపెట్టి, కోరం లేదు, అరగంట వేచి చూస్తాం అంది. మేష్టారు పరుగున వచ్చారు. ఏమైంది ఆయా, లోపలికి రా అన్నారు. నేను నోటి మీద వేలు పెట్టి చూపించాను. ఒట్టు ఒట్టే. కడుపునొప్పా అన్నారు. తల అడ్డంగా ఊపాను. దాహమా అన్నారు. మళ్ళీ ఊపాను. ఆయన లోపలికీ బయటికీ తిరుగుతుంటే నాకు మహా సరదాగా ఉంది. అంత చదువుకున్న మనిషి నా ఎదుట చేతులు తిప్పుతూ నిలబడటం అదే మొదలు.

తర్వాత కరస్పాండెంటుగారి గొంతు వినిపించింది. ఆయన కంగారు పడలేదు.

"ఆయా కూర్చుంది తలుపు పక్కనే కదమ్మా. నీ మాట ఆవిడికి ఇనపడతంది, ఆవిడ మనకి కనపడతంది. ఉన్నట్టే లెక్క. కానివ్వు."

"గడప అవతలుంది సార్," అంది ఆ పిల్ల.

క్యాంటీను మనిషిని పిలిపించి కూర్చోబెడదాం అన్నారు మేష్టారు. ఆయనకి నోటీసు ఇవ్వలేదు, సభ్యుడు కాడు అంది ఆ పిల్ల. మేష్టారి పాఠమే మేష్టారికి అప్పజెప్పింది. నేను స్టూలు మీద పొంగిపోతున్నాను. అప్పుడు పరీక్షాధికారి గడియారం చూసుకుని ఒక మాట అన్నాడు. తను ఈ ఒక్కరోజే వచ్చాననీ, మళ్ళీ రావడం కుదరదనీ, మీటింగు ముగియకపోతే మార్కులు ఎలా వెయ్యాలో తనకి తెలీదనీ.

నా పొంగు అక్కడితో దిగిపోయింది. రెండేళ్ళు పాఠం విన్నాను కదా, ఈ సంగతి అందులో లేదు. నేను కరస్పాండెంటుగారి మీద వేశాననుకున్న దెబ్బ ఆ పిల్ల మీద పడింది. బస్సులో కూర్చుని నేను మురిసిపోయిన తెలివంతా ఇంతే. గది పోతే పోనీ అనుకున్నాను. ఉద్యోగం పోతే ఎవరి పొలంలోనైనా చెరుకు కట్టలు కట్టుకుంటాను. ఆ పిల్లకి ఆ కాగితం రావాలి. స్టూలు మీంచి లేచాను. గడప దగ్గరికి వచ్చాను. ఒక కాలు ఎత్తాను కూడా.

ఆ పిల్ల నన్ను చూసింది. నేను లోపలికి వస్తే పదిహేను తలలు. తీర్మానం అయిపోతుంది, మార్కులు పడతాయి, విశాఖపట్నం బస్సు ఎక్కుతుంది. అదంతా నాకంటే తనకే బాగా తెలుసు. బల్ల మీద పెట్టిన చెయ్యి ఎత్తకుండానే వేళ్ళు మాత్రం లేపి, వద్దని ఊపింది. నేను కాలు వెనక్కి తీసుకున్నాను.

అరగంట అయ్యాక మినిట్స్ పుస్తకం తన ముందుకి లాక్కుని, ముందురోజు రాసిన పేజీ మొత్తానికీ అడ్డంగా ఒక గీత గీసింది. కింద నాలుగు లైన్లు రాసి నిలబడి చదివింది. ఒక సభ్యురాలు బయటికి వెళ్ళినందువల్ల కోరం లేకపోయింది, అరగంట వేచి చూసినా రాలేదు, సమావేశం వచ్చే వారం ఇదే రోజు, ఇదే సమయానికి వాయిదా. మొదటిసారి ఆ పిల్ల గొంతు మేష్టారి గొంతులా గోడలు దాటి వినపడింది.

పరీక్షాధికారి ఆ పుస్తకం తీసుకుని గీత కొట్టిన పేజీని చాలాసేపు చదివాడు. తారీఖు చూశాడు, నా వేలిముద్ర చూశాడు. మేష్టారు నేల చూశారు. పరీక్షాధికారి తన కాగితంలో ఏదో రాసుకుని, మిగిలిన కొబ్బరిబోండం తాగేసి వెళ్ళిపోయాడు. పొట్లాలు అప్పుడు వచ్చాయి. వాచ్‌మేను తనదీ నాదీ కూడా తినేశాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆ పిల్ల నా గదికి రాలేదు. వరండాలో నిలబడి తినేది. పిలవడానికి నాకు మొహం చెల్లలేదు. మాట మీద నిలబడ్డానని చెప్పుకోవచ్చు, కానీ ఏ మొహంతో చెప్పుకుంటాను? వెటకారానికి కూడా ఒక హద్దుండాలి. ఆ నాలుగు రోజులు నాకు నా మీదే విసుగు.

అయిదో రోజు విశాఖపట్నం నుంచి ఉత్తరం వచ్చింది. వాయిదా పడ్డ మీటింగు ఎలా జరిగితే అలాగే రాసిన మినిట్స్ పంపితే, అప్పుడు అందరి సర్టిఫికెట్ల సంగతీ చూస్తానని పరీక్షాధికారి రాశాడు. ఎలా జరిగితే అలాగే అన్న మాట కింద రెండు గీతలు గీశాడట. ఆ మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చి నా బల్ల చివర కూర్చుని కేరేజీ విప్పింది.

"నోరెత్తకంటే కాళ్ళెత్తీసినావు," అంది. అని ఊరగాయ నా వైపు తోసింది.

వాయిదా మీటింగుకి చెరుకు నరకడానికి వెళ్ళిన మగపిల్లలు కూడా ఇద్దరు వచ్చారు, చేతులకి కోతలతో. ఈసారి రాసిపెట్టింది ఏమీ లేదు కాబట్టి ఏం మాట్లాడాలో తెలియక మొదట అందరూ నీళ్ళు నమిలారు. ఆ పిల్లే ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగింది. ఒకబ్బాయి కంప్యూటర్లు కావాలి, ఎన్నాళ్ళు పెట్టెల్లో ఉంచుతారు అన్నాడు, అదీ న్యాయమే. ఇంకొకడు మా అక్క ఈ గది ఉండబట్టే మూడేళ్ళు చదివింది అన్నాడు. నన్ను అడిగినప్పుడు ఆ గదిలో దేనికి ఎవరు వస్తారో ఉన్నదున్నట్టు చెప్పాను. మగపిల్లలు బల్లల కేసి చూశారు. చేతులెత్తమంటే ఆరుగురు కంప్యూటర్ల వైపు, మిగిలినవాళ్ళందరూ గది వైపు. వాచ్‌మేను రెండు వైపులా ఎత్తాడు. ఒక్కటే ఎత్తాలి బాబాయ్ అని ఆ పిల్ల చెబితే, ఎవరినీ నొప్పించడం ఎందుకని అలా చేశానన్నాడు. చివరికి గది వైపు ఎత్తాడు.

సర్టిఫికెట్లు వచ్చాయి. ఆ పిల్లకి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు.

కరస్పాండెంటుగారు గదిని ముట్టుకోలేదు. తీర్మానం తీర్మానమే అన్నారు. కంప్యూటర్లు ఆయన గదిలోనే పెట్టించుకున్నారు. తర్వాత సోమవారం నన్ను పిలిచి, ఇకనుంచి నీ స్టూలు నా గుమ్మం దగ్గర అన్నారు. లేడీస్ రూముకి వాళ్ళ ఊరి మనిషి ఒకావిడ కొత్త ఆయాగా వచ్చింది. గది ఉండాలని తీర్మానం రాసుకున్నాం. గదిలో నేను ఉండాలని ఎవరమూ ప్రతిపాదించలేదు. ఆ తప్పు మాదే, ఆయన్ని అనడానికి లేదు. చెప్పాను కదా, పెద్ద బుర్ర అని. కొత్త ఆయా మంచిదే. లంగా, పిన్నీసులు ఎక్కడ ఉన్నాయో చూపించి అప్పజెప్పాను. నేను మాత్రం రిటైరయ్యేదాకా ఆయన గుమ్మంలోనే కూర్చుని, పొద్దున్నే ఆ మూడు కంప్యూటర్ల మీద దుమ్ము దులిపేదాన్ని.

ఆ పిల్లకి విశాఖపట్నంలో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఏడాది తిరక్కుండా ఒకసారి కాలేజీకి వచ్చింది, చెల్లెల్ని చేర్పించడానికి. లేడీస్ రూములో నేను లేకపోతే వెతుక్కుంటూ కరస్పాండెంటుగారి గుమ్మానికి వచ్చింది. చేతికి గడియారం, కాళ్ళకి ఎత్తు మడమల చెప్పులు.

"ఏటే, ఆఫీసులో ఏటి పని?" అన్నాను.

"మీటింగులకి మినిట్స్ రాస్తన్నాను ఆయమ్మా."

"బాగుంది. మీటింగైపోయేక రాస్తన్నావా?"

ఆ పిల్ల లోపలున్న కరస్పాండెంటుగారి వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"ఎక్కడి మాట. అక్కడా ముందురోజే రాయించేస్తారు. అందరూ ఆమోదించినారని."

"మరి నువ్వు రాసీడమేనా?"

"రాస్తాను. రాసి, కిందన మాత్రం రెండు లైన్లు ఖాళీ ఉంచేస్తాను. ఎవులైనా లేచెల్లిపోతే రాయడానికి."

ఇప్పటిదాకా ఎవరైనా లేచారా అని అడిగాను. ఇంకా ఎవరూ లేవలేదంది. లేవకపోయినా ఆ చోటు మాత్రం వదులుతూనే ఉన్నానంది.